తడి మంచులో స్కీయింగ్: జాకెట్, ప్యాంటు ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్ళేవాళ్ళూ, రెండు మూడు సీజన్లు తడిసి ముద్దయినవాళ్ళూ నన్ను తిప్పి తిప్పి ఇవే అడుగుతారు. ప్రతిసారీ ఫోన్‌లో మొదట్నుంచీ చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పేదంతా తడి మంచు గురించి, అంటే 0 డిగ్రీల చుట్టుపక్కల పడే, గుప్పిట్లో పిండితే నీళ్ళు కారే మంచు. గడ్డకట్టే చలిలో పడే పొడి మంచుకి ఇంత హడావిడి అక్కర్లేదు.

## కొనకముందు

మంచు దులిపేస్తే పోతుంది కదా, వాటర్‌ప్రూఫ్ దేనికి?

మైనస్ 10 డిగ్రీల్లో పడే మంచైతే నిజంగానే దులిపితే పోతుంది. తడి మంచు పోదు. దాని రేణువుల మధ్య అప్పటికే నీళ్ళుంటాయి కాబట్టి బట్టకి అంటుకుని కూర్చుంటుంది, ఒంటి వేడికి ఇంకాస్త కరుగుతుంది, ఆ నీరు కుట్ల వెంట లోపలికి పాకుతుంది. కొత్తగా పడ్డ పొడి మంచు ఘనపు మీటరుకి 50 నుంచి 100 కిలోలు తూగితే, తడి మంచు 200 కిలోలు తేలిగ్గా దాటుతుంది. సముద్రానికి దగ్గరగా ఉండే పర్వతాల్లో ఇది మామూలే. అమెరికా పశ్చిమ తీరపు స్కీయర్లు కాస్కేడ్ పర్వతాల మంచుని ‘కాస్కేడ్ కాంక్రీట్’ అనీ, సియెర్రా నెవాడా మంచుని ‘సియెర్రా సిమెంట్’ అనీ పిలిచేది అందుకే.

పైగా నీరు నిశ్చలమైన గాలికంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. 1 డిగ్రీ దగ్గర తడిసినవాళ్ళు, మైనస్ 10 దగ్గర పొడిగా ఉన్నవాళ్ళకంటే ఎక్కువ వణకడం నేను చాలాసార్లు చూశాను. వణికినవాళ్ళలో నేనూ ఉన్నాను.

బడ్జెట్ తక్కువ. మంచి జాకెట్ కొనాలా, మంచి ప్యాంటు కొనాలా?

ప్యాంటు. ఈ మాట చెప్తే అందరూ అనుమానంగా చూస్తారు, ఎందుకంటే ఫోటోల్లో కనిపించేది జాకెట్. కానీ కొండపైకి తీసుకెళ్ళే లిఫ్ట్‌లో తడిసిన కుర్చీ మీద కూర్చునేది ప్యాంటుతో. పడితే మంచుకి ఆనేది ప్యాంటు. బూటు బకుల్ సర్దుకోడానికి మోకాలు మంచులో పెట్టినా నలిగేది అదే. జాకెట్ మీద మంచు ఊరికే పడుతుంది, ప్యాంటుని మాత్రం మన బరువంతా మంచులోకి ఒత్తుతుంది.

జాకెట్ విషయంలో సర్దుకోడానికి దారి కూడా ఉంది. హైకింగ్ కోసం కొన్న మంచి రెయిన్ జాకెట్ ఉంటే, కింద ఫ్లీస్ (నూగు బట్టతో చేసిన మెత్తటి స్వెట్టర్ లాంటిది) వేసుకుని మొదటి సీజన్ గడిపేయొచ్చు. హుడ్ హెల్మెట్ మీదికి రాకపోవచ్చు, నడుం దగ్గర మంచుని ఆపే స్కర్ట్ ఉండదు, అయినా పని నడుస్తుంది. ప్యాంటుకి అలాంటి ప్రత్యామ్నాయం లేదు. ట్రాక్ ప్యాంటు మీద పల్చటి రెయిన్ ప్యాంటు తొడిగితే స్కీ అంచు తగిలి మొదటి రోజే చిరుగుతుంది.

ట్యాగ్ మీద 10,000, 20,000 అని ఉంటాయి. ఎంత ఉంటే సరిపోతుంది?

ఆ అంకె మిల్లీమీటర్లలో నీటి ఎత్తు. బట్ట మీద నీటి ఒత్తిడిని పెంచుకుంటూ పోతే ఎంత ఎత్తు నీటికి సమానమైన ఒత్తిడి దగ్గర చుక్కలు అవతలికి వచ్చాయో అది చెప్తుంది. 10,000 అంటే 10 మీటర్ల నీరు, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో బరువు. మామూలు వానకి ఇది సరిపోతుంది.

మరి 20,000 దేనికంటారా? ఒక చిన్న లెక్క చూడండి. 70 కిలోల మనిషి ఒక మోకాలు మంచులో ఆనించి సగం బరువు దాని మీద వేశాడనుకుందాం. 35 కిలోలు 30 చదరపు సెంటీమీటర్ల జాగాలో పడితే అది 11,000 మిల్లీమీటర్లు దాటుతుంది. అదే మనిషి లిఫ్ట్ కుర్చీలో కూర్చుంటే బరువు పెద్ద జాగాలో పరుచుకుంటుంది కాబట్టి సగటున వెయ్యి కూడా రాదు. కానీ ఆ వెయ్యి రోజంతా, తడి కుర్చీ మీద, అదే చోట పడుతూ ఉంటుంది. ఇంకో విషయం, ట్యాగ్ మీది అంకె కొత్త బట్టది. వాడి, మడిచి, ఉతికిన బట్టకి అంత ఉండదు.

నా కొలత ఇది: తడి మంచుకి జాకెట్ 15,000 తగ్గకుండా, ప్యాంటు 20,000. పొడి మంచుకి 10,000 చాలు. 28,000, 30,000 అని రాసినవాటికి అదనంగా డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఆ పరీక్ష చేసేది బట్ట ముక్క మీద, నీళ్ళు వచ్చేదేమో ఎక్కువగా కుట్ల నుంచీ జిప్‌ల నుంచీ.

రెండో అంకె, గ్రాముల్లో ఉండేది ఏమిటి?

చదరపు మీటరు బట్ట గుండా 24 గంటల్లో ఎన్ని గ్రాముల చెమట ఆవిరి బయటికి పోతుందో చెప్పే అంకె. ఎక్కువుంటే మంచిది. అయితే దీన్ని కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి, ఒక్కో కంపెనీ తనకి నచ్చినది వాడుకుంటుంది. అందుకే ఒక కంపెనీ 15,000ని ఇంకో కంపెనీ 20,000తో పోల్చడం అంత నమ్మదగ్గది కాదు. కొన్ని ట్యాగ్‌ల మీద ఆర్ఈటీ అని ఉంటుంది, అది ఆవిరికి బట్ట ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె, కాబట్టి తిరకాసుగా ఎంత తక్కువుంటే అంత మంచిది. 6 లోపు చాలా బాగుంటుంది, 13 లోపు బాగుంటుంది, 20 దాటితే ఉక్కపోతే.

లోపల దూది ఉన్న జాకెట్ వెచ్చగా ఉంటుంది కదా, లోపల ఏమీ నింపని ఉత్త షెల్ ఎందుకు కొనమంటారు?

తడి మంచు పడే రోజు నిజానికి అంత చలి ఉండదు. 0 డిగ్రీల దగ్గర దూది ఉన్న (ఇన్సులేటెడ్) జాకెట్‌లో నాలుగు మలుపులు తిరిగేసరికి చెమట పడుతుంది, లిఫ్ట్ ఎక్కగానే ఆ చెమట చల్లబడుతుంది. షెల్ అయితే కింద వేసుకున్నది తీసేయొచ్చు, కలపొచ్చు. ఆరడం కూడా త్వరగా ఆరుతుంది. దూది ఉన్న జాకెట్ తడిస్తే రాత్రంతా వేలాడదీసినా పొద్దున్నకి చంకల దగ్గర చెమ్మగానే ఉంటుంది.

ఇన్సులేటెడే కావాలంటే సింథటిక్ నింపినది తీసుకోండి. బాతు ఈకల డౌన్ తడిస్తే ఉండలు కట్టి వెచ్చదనం పోగొట్టుకుంటుంది.

2 లేయర్, 2.5 లేయర్, 3 లేయర్ అంటే ఏమిటి?

నీళ్ళని ఆపేది మధ్యలో ఉండే పల్చటి పొర, మెంబ్రేన్. దాన్ని పైబట్టకి మాత్రమే అతికించి, లోపల విడిగా లైనింగ్ వేలాడదీస్తే 2 లేయర్. లైనింగ్‌ని కూడా మెంబ్రేన్‌కే అతికించి ఒకే బట్టలా చేస్తే 3 లేయర్. లైనింగ్ బదులు ఒక పూత పూసి వదిలేస్తే 2.5, అది వాన జాకెట్లలో ఎక్కువ.

2 లేయర్‌తో తడి మంచులో ఒక చిక్కుంది. కింద అంచు దగ్గర లైనింగ్ తడిస్తే, దీపం వత్తి నూనెని పీల్చినట్టు ఆ తడి పైకి ఎక్కుతుంది. జాకెట్ కారకపోయినా నడుం దగ్గర చెమ్మ తగులుతుంది. డబ్బు సరిపోతే 3 లేయర్ మేలు.

గోర్‌టెక్స్ ఉండాల్సిందేనా?

అక్కర్లేదు. గోర్‌టెక్స్ అనేది ఒక కంపెనీ మెంబ్రేన్ పేరు. 1969లో ఆ కంపెనీకి చెందిన బాబ్ గోర్ పీటీఎఫ్ఈ అనే పదార్థాన్ని ఒక్కసారిగా గుంజితే అది సన్నటి రంధ్రాల పొరగా సాగింది. 1976 నుంచి అది బట్టల్లోకి వచ్చింది. నీటి చుక్క దూరలేని, ఆవిరి మాత్రం దూరగల రంధ్రాలవి. ఇప్పుడు పాలీయూరిథేన్‌తోనూ ఇతర పదార్థాలతోనూ చేసిన మంచి పొరలు చాలా ఉన్నాయి. ఆ పేరున్న జాకెట్ కుట్టు పనిలో కనీస నాణ్యత ఉంటుందన్న భరోసా కోసం కొంటే తప్పులేదు. కానీ పేరున్న పొర వేసిన పొట్టి జాకెట్‌కంటే, పేరు లేని పొరతో ఒంటికి సరిగ్గా కూర్చున్న జాకెట్ పొడిగా ఉంచుతుంది.

పీఫాస్ లేని బట్ట నీళ్ళు ఆపదంటున్నారు, నిజమా?

సగం నిజం. పీఫాస్ అంటే ప్రకృతిలో కలవకుండా ఏళ్ళ తరబడి మిగిలిపోయే రసాయనాలు. నీటి చుక్కలు బట్ట మీంచి జారిపోవడానికి పైపూతలో దశాబ్దాలపాటు వాటినే వాడారు. ఇప్పుడు కంపెనీలు మానుకుంటున్నాయి. కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి కొత్త దుస్తుల్లో వాటిని కలపడాన్ని నిషేధించింది, తీవ్రమైన తడి కోసం చేసిన ఔట్‌డోర్ దుస్తులకి మాత్రం 2028 దాకా గడువిచ్చింది.

కొత్త పూతలు నీటిని బాగానే తోస్తాయి. తోయలేనిది నూనెని. సన్‌స్క్రీన్, మెడ జిడ్డు, లిఫ్ట్ గ్రీజు అంటుకున్నచోట పూత పని మానేస్తుంది. అంటే పాత జాకెట్‌కంటే ఎక్కువసార్లు ఉతకాలి. అంతే తేడా. లోపలి పొర నీళ్ళని ఎప్పట్లాగే ఆపుతుంది.

## వేసుకుని చూసేటప్పుడు

ట్యాగ్ చదివేశాను. ఇంకేం చూడాలి?

జాకెట్ తిరగేసి లోపలి కుట్లు చూడండి. సూది దిగిన ప్రతి చోటా రంధ్రమే కాబట్టి, కుట్ల మీద సన్నటి టేప్ అతికించి ఉండాలి. ‘ఫుల్లీ సీమ్ టేప్డ్’ అంటే అన్ని కుట్లకీ టేప్ ఉంది. ‘క్రిటికల్లీ టేప్డ్’ అంటే భుజాలు, హుడ్ లాంటి కొన్నిటికే ఉంది. తడి మంచుకి రెండోది వద్దు. ముఖ్యంగా ప్యాంటులో కాళ్ళ మధ్య కుట్టు, కూర్చునేచోట కుట్టు టేప్ లేకుండా ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి. 2 లేయర్‌వాటిలో లైనింగ్ అడ్డొచ్చి టేప్ కనపడదు. అప్పుడు లేబుల్‌నే నమ్మాలి.

నా మొదటి ప్యాంటు 20,000 రేటింగ్‌ది, కుట్లకి సగమే టేప్. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి కుర్చీ మీద నా కుట్టు ఆకారంలో తడి గీత ఉంది.

జిప్ మీద కూడా వాటర్‌ప్రూఫ్ అని రాసుంది. ఫ్లాప్ అవసరమా?

పైకి రబ్బరులా నున్నగా కనిపించే జిప్‌లలో చాలావరకు నీటిని కొంతవరకే ఆపుతాయి. ఎదురుగాలిలో తడి మంచు కొడుతుంటే ఛాతీ జిప్ వెనక ఒక ఫ్లాప్ ఉండటం మంచిది. జేబు జిప్‌ని పూర్తిగా నమ్మి ఫోన్ పెట్టుకోకండి. లోపలి జేబే దానికి చోటు.

మామూలు ప్యాంటా, బిబ్బా?

తడి మంచుకైతే బిబ్. ఛాతీ దాకా వచ్చి భుజాల మీద పట్టీలతో నిలుస్తుంది కాబట్టి, పడినప్పుడు జాకెట్ పైకి లేచినా నడుం దగ్గర సందు ఉండదు. మంచు లోపలికి పోయేది ఎక్కువగా ఆ సందులోంచే. బాత్రూమ్ దగ్గర మాత్రం తంటా. ఆడవాళ్ళు వెనక జిప్ తెరుచుకునే రకం, లేదా పక్క జిప్ పొడుగ్గా ఉన్న రకం చూసుకోవాలి, కొనే ముందు షాపులోనే ఒకసారి తెరిచి మూసి చూడాలి. బిబ్ అస్సలు పడనివాళ్ళు జాకెట్ స్కర్ట్‌కి గుండీలతో తగిలించుకునే ప్యాంటు తీసుకుంటే చాలావరకు అదే పని చేస్తుంది.

సైజు ఎలా చూసుకోవాలి?

నిలబడి అద్దంలో చూసుకుంటే తెలియదు. కింద ఫ్లీస్ వేసుకుని, చేతులు పైకెత్తండి: జాకెట్ అంచు నడుం దాటి పైకి పోకూడదు. గొంతుక్కూర్చోండి: ప్యాంటు మోకాళ్ళ దగ్గర బిగుసుకోకూడదు, ఎందుకంటే బిగుసుకున్నచోట నీరు తొందరగా దిగుతుంది. హుడ్‌ని హెల్మెట్ మీద వేసుకుని తల అటూ ఇటూ తిప్పండి. ప్యాంటు కాలు స్కీ బూటు మీదికి పూర్తిగా రావాలి. లోపల మంచుని ఆపడానికి ఉండే ఎలాస్టిక్ పట్టీ (గెయిటర్) కూడా బూటుని కప్పాలి, దాన్ని బూటులోకి దోపకూడదు. దోపితే నీళ్ళకి మనమే దారి చూపించినట్టు.

చంకల కింద జిప్‌లెందుకు? అందులోంచి మంచు రాదా?

దిగేటప్పుడు తెరిచి, లిఫ్ట్‌లో మూసుకోడానికి. ఏ పొరా చెమట ఆవిరిని తెరిచిన జిప్ అంత వేగంగా పంపలేదు. చంక కింద ఉంటుంది కాబట్టి పడే మంచు అక్కడికి దాదాపుగా చేరదు. ప్యాంటుకి తొడ జిప్‌లు కూడా అంతే అవసరం. ఉన్న జిప్‌ని తెరవడం మర్చిపోవడమే అందరం చేసేది.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

జాకెట్ తీసుకోవచ్చు, జాగ్రత్తగా చూసి. లోపల టేప్ అంచులు లేస్తున్నాయేమో గోరుతో తడమండి. పొర బుడగలు కట్టినా, తెల్లగా పొట్టు రాలుతున్నా, జిగురుగా తగిలినా వదిలేయండి, అది బాగయ్యేది కాదు. నీళ్ళు చల్లితే జారకుండా పైబట్ట పీల్చుకుంటే మాత్రం కంగారు పడక్కర్లేదు, ఆ పూత మళ్ళీ వేయొచ్చు. ప్యాంటు సెకండ్ హ్యాండ్‌ది నేనైతే కొనను. కూర్చునేచోట అరిగిపోయిన సంగతి పైకి కనపడదు.

పిల్లలకి కూడా ఇంత ఖరీదైనవి కావాలా?

పిల్లలు స్కీ చేసేదానికంటే మంచులో కూర్చునేదే ఎక్కువ. కాబట్టి టేప్ వేసిన బిబ్ కావాలి. ఒక సీజన్‌లో పొట్టిదైపోకుండా కాళ్ళూ చేతులూ కుట్టు విప్పితే పొడవు పెరిగే రకం చూడండి.

## మంచులో ఉన్నప్పుడు

లోపల ఏం వేసుకోవాలి?

ఒంటికి ఆని ఉన్నిది గానీ సింథటిక్ గానీ పల్చటి థర్మల్, దాని మీద ఫ్లీస్. కాటన్ మాత్రం వద్దు, బనీను కూడా. కాటన్ చెమట పీల్చి ఆరకుండా ఒంటికి అతుక్కుంటుంది. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకునే గుణం ఉన్నిలో ఉంది. కాళ్ళకి చాలామందికి ఒక్క థర్మల్ చాలు.

లోపలి చొక్కా తడిసింది. జాకెట్ కారిందా, చెమటా?

తడి ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుంది. వీపంతా, లేదా బ్యాగ్ ఆనినచోటంతా సమానంగా చెమ్మగా ఉంటే చెమటే. ఒక గీతలా, జిప్ వెంట, భుజం కుట్టు దగ్గర లేదా ఒక మచ్చలా ఉంటే కారుతోంది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ చెమటవే, కానీ ఎవరూ ఒప్పుకోరు. ఇంకా అనుమానముంటే ఇంటికొచ్చాక లోపల టిష్యూ కాగితాలు పరిచి, జాకెట్‌ని పది నిమిషాలు షవర్ కింద వేలాడదీయండి. కాగితం ఎక్కడ తడిస్తే అక్కడ దొంగ దొరుకుతాడు.

మధ్యాహ్నానికి జాకెట్ పైన రంగు ముదిరి బరువెక్కింది. వాటర్‌ప్రూఫ్ పోయినట్టేనా?

పోలేదు. పైబట్ట మీది పూత అరిగి బట్ట నీళ్ళు పీల్చుకుంది, లోపలి పొర ఇంకా ఆపుతూనే ఉంది. కానీ పైన నీటి పొర పరుచుకోవడంతో చెమట ఆవిరికి దారి మూసుకుపోయింది, ఒంటి వేడి కూడా ఆ నీటిలోకి పోతోంది. అందుకే చల్లగా, లోపల చెమ్మగా అనిపించి కారిందేమో అనుకుంటాం. ఆ రోజుకి చేయగలిగింది చంక, తొడ జిప్‌లు తెరవడం, విరామంలో మంచు బాగా దులపడం. పూత సంగతి ఇంటికెళ్ళాకే.

మణికట్టు దగ్గర్నుంచి నీళ్ళు లోపలికి పోతున్నాయి. ఏం చేయాలి?

గ్లవ్ పొడుగుదైతే జాకెట్ చేతి మీదికి వేసుకుని తాడు బిగించండి. పొట్టి గ్లవ్ అయితే జాకెట్ చేతి లోపలికి దోపి, జాకెట్ వెల్క్రో బిగించండి. రెంటి మధ్యా చర్మం కనిపించిందంటే పని చెడినట్టే. బ్యాగ్‌లో రెండో జత గ్లవ్స్ పెట్టుకోండి, తడి రోజున ముందు ఓడిపోయేవి అవే.

మంచు కాస్తా వాన అయితే?

రెండు మూడు గంటలు దాటిన వానలో ఏ జాకెట్ అయినా ఎక్కడో ఒకచోట లొంగుతుంది. మంచి షెల్ ఉంటే ఆ రెండు మూడు గంటలు హాయిగా తిరగండి, తర్వాత లోపలికెళ్ళి వేడిగా ఏదైనా తాగండి. రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళు రబ్బరు పూత రెయిన్ కోటు వేసుకుంటారు. అది నీళ్ళు పీల్చదు, గాలీ ఆడనివ్వదు. కదలకుండా ఉండేవాళ్ళకి అది బాగుంటుంది, స్కీ చేసేవాళ్ళకి ఆవిరి స్నానమే.

## ఇంటికొచ్చాక

ఉతికితే వాటర్‌ప్రూఫ్ పోతుందట కదా?

ఉతక్కపోతేనే పోతుంది. జిడ్డు, మట్టి, చెమట ఉప్పు పేరుకుంటే పూత పనిచేయదు. జిప్‌లు, వెల్క్రోలు అన్నీ మూసి, టెక్నికల్ బట్టల కోసం అమ్మే ద్రవంతో లేబుల్ మీద చెప్పిన వేడిలో ఉతకండి. మామూలు పౌడర్, బ్లీచ్ వాడకండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలే వద్దు, అది బట్ట మీద మిగిలిపోయి నీటిని లాగుతుంది. సబ్బు మిగలకుండా రెండుసార్లు జాడించండి. తరువాత లేబుల్ ఒప్పుకుంటే డ్రయర్‌లో తక్కువ లేదా మధ్యస్థమైన వేడి మీద 20 నిమిషాలు తిప్పండి. ఆ వేడికే పాత పూత మళ్ళీ లేచి నిలబడుతుంది. డ్రయర్ లేకపోతే పల్చటి తువ్వాలు పరిచి, ఆవిరి లేకుండా తక్కువ వేడి ఇస్త్రీ.

స్ప్రే మంచిదా, మెషిన్‌లో పోసేదా?

ఉతికి వేడి చేసినా చుక్కలు జారకపోతేనే ఈ రెంటి అవసరం. లైనింగ్ ఉన్నవాటికి స్ప్రే, ఎందుకంటే మెషిన్‌లో పోస్తే చెమట పీల్చాల్సిన లైనింగ్‌కీ పూత పడుతుంది. 3 లేయర్‌కి ఏదైనా సరే. మురికి బట్ట మీద మాత్రం స్ప్రే కొట్టకండి, మురికిని లోపల పెట్టి సీలు వేసినట్టవుతుంది.

రేపు పొద్దున్నే మళ్ళీ వేసుకోవాలి. హీటర్ మీద ఆరేయొచ్చా?

హీటర్‌కి ఆనించకండి, ఆ వేడికి టేప్ జిగురు ఊడుతుంది. జిప్‌లన్నీ తెరిచి, జేబులు బయటికి లాగి, గాలి తగిలేచోట వేలాడదీయండి. కింద నీరు కారిపోయాక అంచుల్ని పొడి తువ్వాలులో పిండండి. గదిలో ఫ్యాన్ ఉంటే హీటర్‌కంటే అదే మేలు.

స్కీ అంచు తగిలి ప్యాంటు చిరిగింది. కుట్టించొచ్చా?

సూది పెట్టకండి, కొత్త రంధ్రాలు పడతాయి. చుట్టూ శుభ్రంగా తుడిచి ఆరాక, అతుక్కునే రిపేర్ ప్యాచ్‌ని మూలలు గుండ్రంగా కత్తిరించి అతికించండి. వీలైతే లోపల కూడా ఇంకోటి.

ఎప్పుడు కొత్తది కొనాలి?

సీజన్ల లెక్క పెట్టుకోవద్దు. పైబట్ట పీల్చుకుంటుంటే పూత వేయండి, టేప్ ఒకచోట లేస్తే సీమ్ రిపేర్ టేప్ అతికించండి. లోపలి పొర బుడగలు కట్టడమో రాలడమో మొదలైందంటే ఆ బట్ట పని అయిపోయింది. చెమ్మతో మడిచి పెట్టెలో పెట్టేస్తే పాలీయూరిథేన్ పొర ఇంకా త్వరగా ఇలా పాడవుతుంది, కాబట్టి సీజన్ అయ్యాక ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, హ్యాంగర్‌కి తగిలించండి. జాకెట్, ప్యాంటు రెండూ ఒకేసారి పాడైతే ముందు ప్యాంటు కొనండి.